బొడ్లో చోటు

మా ఊళ్లో ఇప్పుడు గొడుగు మరచి గడప దాటేవాళ్లున్నారు గాని, పిస్తోలు మరచి దాటేవాళ్లు లేరు. అది పైకి కనబడకూడదు కాబట్టి నా కొట్లో చిన్నవాటికే గిరాకీ. ప్యాంటు జేబుకు అమ్మడం తేలిక, చీరకట్టుకు అమ్మడమే కష్టం.

పేరిందేవమ్మగారు కోడలు సుహాసినిని వెంటబెట్టుకుని వచ్చారు. అత్తాకోడళ్లు కలిసి వస్తే కొనేది ఒకరు, బేరం చెడగొట్టేది ఇంకొకరు అని నా లెక్క. అరచేతిలో ఇమిడేది ఒకటి తీసి ఇచ్చాను. ఆవిడ బొడ్లో దోపుకోబోతే ఇంటి తాళాల గుత్తి అడ్డొచ్చింది.

"ఇంతకన్నా చిన్నది లేదా నాయనా?"

"ఇంతకన్నా చిన్నదంటే ఇక పిల్లల బొమ్మే పిన్నిగారూ. ఆ తాళాలు తీసేస్తే ఇది చక్కగా కూర్చుంటుంది."

"తీసి ఎక్కడ పెట్టను?"

సుహాసిని వెంటనే చెయ్యి చాపింది. "నా దగ్గరుంచుతాలెండి అత్తయ్యా. అసలు ఆ అరలో ఉన్న పెద్దది తీసుకోండి, మీకు నిండుగా ఉంటుంది."

పేరిందేవమ్మగారు ఆ చేతిని కాసేపు చూసి, పిస్తోలు బల్లమీద పెట్టేశారు.

"దొంగొస్తే ఏమడుగుతాడు నాయనా? తాళాలేగా. కాపరానికి వచ్చినప్పటినుంచీ ఇదీ అవే అడుగుతోంది. ఇచ్చానా?"

గుత్తి సర్దుకుని మెట్లు దిగారు. బేరం పోయిందనుకుని పెట్టె మూయబోయాను. సుహాసిని కదల్లేదు. అత్తగారు వీధిలోకి వెళ్లేదాకా ఆగి, గొంతు తగ్గించి అంది:

"ఆ చిన్నది నాకు కట్టండి బాబాయిగారూ. నా బొడ్లో చోటంతా ఖాళీయే."