నాలుగు వందల ఆటల డబ్బా

"ఏయ్! నా బిడ్డ మొఖం మీద చెయ్యెందుకు పెట్టినవ్?"

యశోద కేకకు ములకలపల్లి సంతలో సగం మంది తిరిగి చూశారు.

ఆమె చేతిలోని సంచి జారి టమాటాలు దొర్లిపోయాయి. వాటిని పట్టించుకోలేదు.

బరకం పరుచుకుని కూర్చున్న ముసలాయన చటుక్కున చెయ్యి తీశాడు. ఆయన ముందు నాలుగు వీడియో గేములున్నాయి. అరచేతిలో పట్టే డబ్బాలు, ఒక్కో దాంట్లో నాలుగు వందల ఆటలు. రాలే పండ్లను బుట్టలో పట్టడం, కప్పను వాగు దాటించడం, అన్నీ అర నిమిషం ఆటలే. సంత సంతకూ తిరిగి పిల్లలకు కిరాయికిస్తాడు.

కూరగాయలు కొనేదాకా ఆడుకొమ్మని ఆరేళ్ళ లిఖితను అక్కడ కూర్చోబెట్టింది యశోదే.

"ఏం లేదు బిడ్డా. జర నా మాట ఇను..."

వినే ఓపిక ఎవరికుంది? వారం నుంచి అందరి ఫోన్లలోనూ ఒకటే వీడియో. పిల్లలను ఎత్తుకుపోయేవాళ్ళు దిగారట, ముఖానికి మందు పూసి మత్తెక్కిస్తున్నారట. అది ఏ ఊరిదో ఎవరూ అడగలేదు. తలా పదిమందికి పంపారు. యశోద ఇరవై మందికి పంపింది.

జనం మూగారు. ముసలాయన సంచిని ఎవరో గుంజి, అందులోంచి మడత పెట్టిన కాగితం తీశారు.

"పిల్లల పేర్లున్నయ్! సోమ్లి, ఆరేళ్ళు, ఎడమ. రామ్‌సింగ్, ఏడేళ్ళు, కుడి. మోతీలాల్..."

"ఎడమ, కుడి ఏందిరా?"

"కిడ్నీలు! ఇంకేముంటది?"

ఆ మాటకు అందరూ తలలూపారు. తెలివైన వాడొకడు దొరికితే మంది పని తేలికవుతుంది.

చదివేవాడు చివరి వరుస దగ్గర ఆగాడు.

"లిఖిత, ఆరేళ్ళు, ఎడమ. మిగతా అందరికీ పక్కన ఊరి పేరుంది, దీనికే లేదు. ఇప్పుడే రాసినట్టున్నడు."

యశోద లిఖితను దగ్గరకు లాక్కుంది.

"పాపను ఖమ్మం తీస్కపోవాలె, జల్దీ..." అంటూ ముసలాయన ఇంకా ఏదో చెప్పబోయాడు.

"ఇన్నరా! ఖమ్మం తీస్కపోతడంట!"

మొదటి దెబ్బ యశోదదే. సరిగ్గా చెవి మీద పడింది. తర్వాత ఎవరు ఎన్ని కొట్టారో తెలియదు. చివరకు ఇద్దరు పెద్దమనుషులు అడ్డం పడి, ఆయన్ను ఆటో ఎక్కించి పంపేశారు.

ఒక గేమ్ లిఖిత చేతిలోనే ఉండిపోయింది. మళ్ళీ కనబడితే పోలీసులకు చూపిద్దామని యశోద ఆ కాగితాన్నీ గేమునూ బీరువాలో దాచింది.

"తల్లంటే నువ్వేనే" అని వాడంతా మెచ్చుకుంది. ఆమెకూ గర్వంగానే అనిపించింది.

ఎనిమిది నెలలు గడిచాయి. లిఖితకు కండ్లకలక వచ్చింది. కుడి కన్ను వాచి మూసుకుపోయింది. ఎడమ కంటికి ఏమీ కాలేదు.

ఏమీ కాని ఆ కన్నుతోనే పాప గడప తట్టుకుని పడింది. కంచం ముందు కూర్చుని, అన్నం కోసం నేల మీద తడిమింది.

"ఆ కన్ను మంచిగనే ఉంది కదనే?"

"దీంతోని ఎప్పుడూ గిట్లనే అమ్మా. అంతా మసక. ఆ తాత కుడి కన్నుకు చెయ్యి అడ్డం పెట్టి ఆడమన్నప్పుడు గూడ పండ్లు కనబడలే. డబ్బా కరాబైంది తాతా అని చెప్పిన."

యశోద లేచి బీరువాలోని కాగితం తీసి, చివరి వరుస మళ్ళీ చదివింది.

కలక తగ్గగానే పాపను ఖమ్మం కంటి దవాఖానాకు తీసుకుపోయింది. బస్సులో పేచీ పెట్టకుండా ఆ గేమ్ చేతికిచ్చింది. కాగితం మాత్రం తన జాకెట్‌లో పెట్టుకుంది.

డాక్టరమ్మ చాలాసేపు పరీక్ష చేసింది.

"చిన్నప్పటి నుంచీ ఎడమ కన్ను బలహీనంగా ఉందమ్మా. భారమంతా కుడి కన్నే మోస్తుంటే, ఇది చూడడమే మరిచిపోయింది. అద్దాలిస్తాను, కుడి కన్నుకు పట్టీ కడదాం. కొంత చూపు వస్తుంది. ఇంకా ముందే తెచ్చుంటే ఎంతో బాగుండేది."

అప్పుడు పాప చేతిలోని గేమ్ ఆమె కంటపడింది.

"ఇది సంతల్లో ఆటలాడించే పిచ్చయ్యది కదా?"

యశోద కాగితం తీసి బల్ల మీద పెట్టింది.

"ఆయన రాతే! సోమ్లి, రామ్‌సింగ్, మోతీలాల్... వీళ్ళంతా ఇక్కడ బాగైనవాళ్ళే. పిల్లలు డబ్బాను ఏ పక్కకు తిప్పి పట్టుకుంటున్నారో చూసి పసిగట్టేవాడు. ఒక కన్ను మూసి ఆడించేవాడు. తల్లిదండ్రులకు నచ్చజెప్పి పంపేవాడు."

"ఆయన మీ మనిషా మేడం?"

"కాదమ్మా. ఆ పని ఆయనకు ఎవరూ చెప్పలేదు."

"ఇప్పుడు... యాడున్నడు?"

"ఏదో సంతలో కొట్టారట. ఒక చెవి వినపడదు. అప్పటి నుంచి ఆ పనే మానేశాడు. పిల్లలను ముట్టుకోవాలంటే భయమంటాడు."

యశోదకు తల తీసేసినట్టయింది. కుడి అరచేతిని కొంగులో దాచుకుంది.

డాక్టరమ్మ వేలు కాగితం చివరి వరుస దగ్గర ఆగింది. ఒకసారి ఓపీ చీటీ మీది పేరు చూసింది, ఒకసారి పాపను చూసింది.

"ఊరు తెలియదు, పేరొక్కటే తెలుసంటూ ఆయన నెలనెలా పెనుబల్లి నుంచి బస్సెక్కి వచ్చి, 'లిఖితను తెచ్చిన్రా మేడం' అని అడిగి పోతున్నది ఈ పాప కోసమేనా అమ్మా?"