నెల్దా ఇంటి కప్పు మీద నీళ్లు

కొండ మీద పైన్ తోట అంటుకుంది. నెల్దా పంపు ఇంజను తాడు లాగగానే, ఆమె రేకుల కప్పు మీద స్ప్రింక్లర్లు తిరగసాగాయి.

సామాన్లు బండికెక్కిస్తున్న పక్కింటి ఒస్వాల్దో అప్పుడు కూడా ఊరుకోలేదు. "ఏం నెల్దక్కా, కప్పు మీద కొత్తిమీర వేశావా?"

"నోరు మూసుకుని పని చూసుకో."

అంతలో అతని మీద తుంపర పడింది. నాలుగు స్ప్రింక్లర్లలో మూడు అతని ఇంటివైపే చిమ్ముతున్నాయి. ఒస్వాల్దో గొంతు మెత్తబడింది.

"నా ఇంటిని కూడా కాపాడుతున్నావా అక్కా?"

"నీ మొహం! మంట కొండ మీదే ఆగినా రవ్వలు ఎగిరొస్తాయి. అవి పడేది నీ చూరు కింద ఎండు కట్టెల్లో. అక్కణ్నుంచి నా గోడ మూడడుగులు. తీసెయ్యమని ఎన్నిసార్లు మొత్తుకున్నాను?"

మూడేళ్లుగా మొత్తుకుంటూనే ఉంది. ఆమెకు అడవంటే భయమని అతను ఊరంతా చెప్పి నవ్వాడు. ఆమె భయమంతా తన కట్టెల గురించేనని అతనికి ఇప్పుడు తెలిసింది.

బండి వదిలేసి, కట్టెలు చేతులనిండా ఎత్తి రోడ్డవతలికి విసరసాగాడు.

"మొహానికి తడిగుడ్డ కట్టుకో, తెలివితక్కువవాడా!"

రవ్వలు వచ్చాయి. తడి రేకుల మీద చుయ్యిమని ఆరిపోయాయి.

సాయంత్రానికి రెండిళ్లూ నిలిచే ఉన్నాయి. మసి మొహంతో ఒస్వాల్దో ఏదో చెప్పబోయాడు.

"మాటలు తర్వాత," అంది నెల్దా. "ముందు నిచ్చెనెక్కి నీ కప్పు మీది ఆకులు ఊడువు."