వెంట్రుకలో సగం

ముసలాయన అరిగిన బేరింగు ముక్కని గుడ్డతో తుడిచి ఆమె అరచేతిలో పెట్టాడు.

"చూడమ్మా. పైన బూడిదరంగు పూత ఉండాలి. మొత్తం పోయింది. లోపలి రాగి బయటపడింది."

ఆమె దాన్ని చూడలేదు. గోడమీది క్యాలెండరు చూస్తోంది. ఆదివారానికి ఇంకా నాలుగు రోజులు.

ఆదివారం రేసు. మొదటి ముగ్గురిలో ఉంటే పెద్ద జట్టులోకి తీసుకుంటారు. ఆరేళ్ళుగా ఆమె కాచుకున్నది ఈ ఒక్క అవకాశం కోసమే. రేసుకారు నడుపుతానన్న రోజున తండ్రి మాట్లాడడం మానేశాడు. తర్వాత ఒక్కొక్కరే మానేశారు. ఇప్పుడామెకి మిగిలింది ఒక అద్దెగది, ఒక పాత రేసుకారు.

ఆ కారు ఇంజన్లో వారం నుంచీ టకటకమని చప్పుడు. ఆయిల్ తీస్తే నిండా మెరిసే లోహపు పొడి.

మూడు షాపులవాళ్ళు రేసు ఇంజను మావల్ల కాదన్నారు. నాలుగో అతను తల గోక్కున్నాడు.

"వెంట్రుక తాతని అడిగి చూడు. తీసుకోడనుకో."

క్రాంకులు సానపట్టే షాపులో వెనకగది ఆయనది. ఏ కొలతైనా వెంట్రుకల్లోనే చెబుతాడు కాబట్టి ఆ పేరు. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు.

ఆమె అడిగినప్పుడు ఆయన చాలాసేపు ఆమె ముఖంలోకి చూశాడు. "రేసెప్పుడు?" అన్నాడు. ఆదివారమని చెప్పగానే, "ఇంజను దించండి" అన్నాడు పనివాళ్ళతో.

ఇప్పుడేమో ఇలా మొదలుపెట్టాడు.

"కొత్త బేరింగులు తెచ్చాను కదా తాతా, వేసెయ్యండి."

"వెయ్యొచ్చు. కానీ ఇదిగో, ఇంజనుకి వెన్నెముక లాంటిది ఈ క్రాంకు. దీనిమీదే గీతలు పడ్డాయి. గుండ్రం చెడింది. వెంట్రుకలో సగం తేడా ఉంది. కొత్తవాటిని ఇరవై నిమిషాల్లో తినేస్తుంది."

"రేసు పద్దెనిమిది నిమిషాలే!"

ఆయన నవ్వలేదు.

"సానపట్టాలి. సానలో పోయినంత మేర మందం ఎక్కువున్న బేరింగులు తెప్పించాలి. రెండు వారాలు పడుతుంది. ఆదివారం కుదరదు."

ఆమె ఆయన గడ్డం పట్టుకుని బతిమాలినంత పని చేసింది.

"రేసయ్యాక ఇంజను ముక్కలైపోయినా ఫర్లేదు తాతా."

"ఇంజను గురించి కాదమ్మా. ఆ వేగంలో బేరింగు పట్టేస్తే రాడ్డు విరిగి, ఇంజనుని చీల్చుకుని బయటికొస్తుంది. ఆయిలంతా నీ చక్రాల కిందే పడుతుంది."

"నా ప్రాణం. నా ఇష్టం."

"కాదు."

ఆ ఒక్క మాటే అని, క్రాంకుని రెండు చేతులా ఎత్తి ఇనపబీరువాలో పెట్టాడు. తాళం వేసి చెవి జేబులో వేసుకున్నాడు.

ఆమె ఒంటికాలిమీద లేచింది.

"మీకు ఎవరూ లేరు, అందుకే ఇలా రాయిలా ఉన్నారు! నోరు తెరిచి ఒకటి అడిగే మనిషి ఇంట్లో ఉంటే, కాదనడం ఎంత కష్టమో తెలిసేది!"



ఆయన కొలతలు తీసే మైక్రోమీటరు అందుకుని, మెల్లగా తుడవడం మొదలుపెట్టాడు.

ఆ ఆదివారం ఆమె తలుపు వేసుకుని గదిలోనే కూర్చుంది. ఫోను మోగలేదు. జట్టులో చోటు ఇంకెవరికో వెళ్ళింది.

రెండు వారాలకి ఇంజను సిద్ధమైంది. తీసుకోవడానికి వెళ్ళిన ఆమె వెనకగది వైపు కన్నెత్తి కూడా చూడలేదు.

మరుసటి నెల ఇంకో రేసు. ఏడో చుట్టులో, పొడవాటి దారి చివర, ఆమె ముందున్న కారు అడుగున ఫట్‌మని ఏదో పేలింది. నల్లటి ఆయిల్ రోడ్డంతా పరుచుకుంది. కారు బొంగరంలా తిరిగి గోడకి కొట్టుకుంది.

ఆమె ఎలా తప్పించుకుందో ఆమెకే తెలియదు. ఆ కారు నడిపిన కుర్రవాణ్ణి బయటికి తీస్తుంటే, హెల్మెట్ తియ్యకుండానే నిలబడి చూసింది. అతను కదల్లేదు.

రేసు ఆపేశారు. అందరూ ఎవరినో ఒకరిని పట్టుకుని ఏడుస్తున్నారు. ఆమెకి పట్టుకోవడానికి ఎవరూ లేరు.

తన ప్రాణం కోసం తనని ఆపిన మనిషి ఒక్కడే గుర్తొచ్చాడు.

తిన్నగా షాపుకి వెళ్ళింది. వెనకగదికి తాళం వేసి ఉంది.

"తాత లేరా?" అని షాపు యజమానిని అడిగింది.

"పోయిన గురువారం చనిపోయాడమ్మా. పని చేస్తూ చేస్తూ కుర్చీలోనే ఒరిగిపోయాడు. అయినవాళ్ళెవరూ లేరు. మేమే శ్మశానానికి తీసుకెళ్ళాం."

ఆమె గోడకి ఆనుకుంది.

"ఆయన్ని అనరాని మాట అన్నానండీ."

"తెలుసు. ఆ రోజు బయట నేనూ విన్నాను." యజమాని చేతులు తుడుచుకుంటూ దగ్గరికొచ్చాడు. "ఒకటి చెప్పనా? ఆయన రేసు ఇంజను ముట్టుకుని అప్పటికి పదకొండేళ్ళు. ఎందరొచ్చినా వెనక్కి పంపేశాడు. ఈ అమ్మాయిదెందుకు ఒప్పుకున్నావని అడిగితే, 'నేను పంపేస్తే ఇంకెవడో ఆదివారానికి వేసిచ్చేస్తాడు' అన్నాడు."

"మరి పదకొండేళ్ళ కింద ఎందుకు మానేశారు?"

యజమాని చేతిలో గుడ్డ పక్కన పెట్టాడు.

"ఒక్కగానొక్క కూతురమ్మా, నీలాగే రేసులు నడిపేది, 'నాన్నా, ఈ ఒక్క ఆదివారానికీ వేసివ్వు' అని అడిగితే, కాదనలేకపోయాడు."