ఒక్క రాత్రే కదా

"ఈ ఒక్క రాత్రికి ఉండిపోవే మెన్నానా! కడుపులో మెలిపెట్టేస్తోంది. ఒంటరిదాన్ని, తెల్లారేసరికి ఉంటానో ఊడతానో" అంది ఇంటి యజమానురాలు దోన్యా ఎలోయిసా, సోఫాలో ముడుచుకుపోయి.

మెన్నానా అప్పటికే చేతిసంచీ తీసుకుని చెప్పుల్లో కాళ్లు పెట్టింది. సాయంత్రం ఐదయింది. ఇంటి దగ్గర రెండేళ్ల కూతురు షామాకి జ్వరం. పిల్ల అమ్మ కోసం గుక్కపట్టి ఏడుస్తోందని అక్క అవీషా అప్పటికే రెండుసార్లు ఫోన్ చేసింది.

పన్నెండేళ్లుగా ఇదే బతుకు. ఇల్లు మొరాకోలో, ఫ్నిదెక్‌లో. పని సరిహద్దు గేటుకి అవతల, స్పెయిన్ వాళ్ల సెబ్తాలో. తెల్లారగట్ల ఆడవాళ్ల వరసలో తోసుకుంటూ గేటు దాటాలి. చీకటిపడేలోగా తిరిగి దాటాలి. ఒక దేశంలో అంట్లు తోమి, ఇంకో దేశంలో రొట్టె తినడం. పగలంతా ఎంత చాకిరీ చేసినా ఎవరికీ పట్టదు గానీ, అక్కడ ఒక్క రాత్రి కన్ను మూస్తే మాత్రం నేరం.

"రాత్రి ఉంటే పట్టుకుంటారు దోన్యా."

"ఎవడే పట్టుకునేది? గేటు దగ్గర డ్యూటీ నా కొడుకుదేగా! నాచోకి నేను చెప్తాలే. అబ్బా... చచ్చిపోతున్నానే!"

ముసలావిడ మూలుగు వింటుంటే మెన్నానాకి కాళ్లు కదల్లేదు. పన్నెండేళ్లు ఆవిడ చేతి ఉప్పు తిన్న మనిషి. చెప్పులు విప్పేసింది.

"పిల్లని కాస్త చూసుకో అక్కా, ఒక్క రాత్రే కదా" అని ఫోన్‌లో చెప్పింది.

పొద్దున్నే వెళ్లి చూస్తే గేటు మూసి ఉంది. కరోనా అట. రెండు వారాలట.

ఆ రెండు వారాలూ పద్నాలుగు నెలలయ్యాయి.

ఆమెలాంటి ఆడవాళ్లు వందలమంది అవతల చిక్కుబడిపోయారు. గోదాముల్లో కొందరు, తెలిసినవాళ్ల వంటిళ్లలో కొందరు తలదాచుకున్నారు. వాళ్లందరికంటే మెన్నానా నయం. దోన్యా వంటగది పక్క గదిలో మంచం వేయించింది. రంజాన్ నెలంతా తనూ ముద్ద ముట్టకుండా పొద్దుగుంకేదాకా కూర్చుని, తన చేత్తో ఖర్జూరం అందించింది. పిల్లని రోజూ చూసుకోమని మంచి ఫోన్ కొనిచ్చింది. ఈ రోజుల్లో కన్నవాళ్లు మాత్రం చేస్తారా అంత!

తిట్టుకోవాలనిపిస్తే మెన్నానా తనని తానే తిట్టుకునేది. 'నా రాత తగలెయ్య! ఆ సాయంత్రం విననట్టు వెళ్లిపోతే పోయేదిగా' అనుకునేది. అంతలోనే నాలుక కరుచుకుని, ముసలావిడ కాళ్లకి నూనె రాయడానికి వెళ్లేది.

మొదట్లో ఫోన్‌లో అమ్మ కనబడగానే షామా తెరకి ముద్దులు పెట్టేది. తర్వాత్తర్వాత ఆటలో పడి పిలిచినా వచ్చేది కాదు. ఏడాది తిరిగాక ఒకరోజు అవీషా దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని, "ఎవరే ఇది? చెప్పు చెప్పు" అంది.

"పెద్దమ్మ" అంది షామా. అని, అవీషా మెడ చుట్టూ చేతులేసి, "అమ్మా, ఆకలి" అంది.

అవీషా మొహం పాలిపోయింది. "పసిది, దానికేం తెలుసే! నువ్వొచ్చెయ్యి, రెండ్రోజుల్లో నీ చంక దిగదు చూడు."

"ఎలా రమ్మంటావే? సముద్రంలో ఈదుకుంటూ రానా?" అంటూ ఫోన్ పెట్టేసి మెన్నానా బావురుమంది. కొందరు నిజంగానే ఈదారు. ఈదినవాళ్లందరూ ఒడ్డు చేరలేదు.

చిక్కుకున్నవాళ్లని ఇళ్లకి పంపే జాబితాలు మూడుసార్లు వచ్చాయి. మూడుసార్లూ పేరు నేనే రాయిస్తానన్నాడు నాచో. మూడుసార్లూ మెన్నానా పేరు లేదు. "ఈసారి తప్పకుండా వస్తుందిలేవే" అంటూ దోన్యా వీపు నిమిరేది. ఆ నిమరడంలో ప్రేమ ఉండేది. లేదనడానికి లేదు.

ఏప్రిల్ చివర్లో దోన్యా పోయింది. కరోనా కాదు, గుండె ఆగింది. మెన్నానాయే ఆవిడ తల దువ్వి, మంచి గౌను తొడిగింది. సొంత తల్లి పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు.

మరుసటి వారమే నాలుగో జాబితా వచ్చింది. అందులో ఆమె పేరుంది. ఆ మహాతల్లే పైకి వెళ్లి తన గురించి చెప్పి ఉంటుందనుకుంది మెన్నానా.

గేటు దాకా సంచీ నాచోయే మోసుకొచ్చాడు. అవతల అవీషా నిలబడి ఉంది. ఆమె వెనక దాక్కుని, ఎవరో కొత్తావిడని చూసినట్టు, షామా బెదురుగా తొంగిచూస్తోంది. "వెళ్లు, మీ అమ్మే" అని అవీషా ముందుకి తోస్తుంటే, పిల్ల ఇంకా గట్టిగా ఆమె కాళ్లు చుట్టేసుకుంటోంది.

మెన్నానాకి పిల్ల దగ్గరికి పరిగెత్తాలనిపించింది. అయినా మర్యాద మరవలేదు. సంచీ అందుకుని వెనక్కి తిరిగింది.

"మీ అమ్మగారిని ఈ జన్మలో మరిచిపోను నాచో బాబూ. ఆ రోజు నేను వెళ్లిపోయుంటే ఆవిడ దిక్కులేనిదైపోయేది. నన్ను ఆపడానికే అల్లా ఆ సాయంత్రం ఆవిడకి కడుపునొప్పి తెప్పించాడు."

నాచో కళ్లు తుడుచుకున్నాడు. తల్లి తెలివి గుర్తొచ్చి మాస్కు వెనకే మురిపెంగా నవ్వాడు.

"దేవుడెందుకు తెప్పిస్తాడు మెన్నానా! రేపట్నుంచి గేటు మూసేస్తున్నారు, దాన్ని పంపకమ్మా అని మధ్యాహ్నం నేను ఫోన్ చేశాకేగా అమ్మకి ఆ నొప్పి మొదలైంది!"