నీలిమ సెట్టింగు

కంప్యూటర్ తెర మీద రేసు కారు అదే మలుపులో మళ్లీ గిర్రున తిరిగి ఇసుకలో పడింది.

"కావాలనే పాడుసేసి పెట్టినావ్ కదా!" కొత్త కోడలు ధనశ్రీ ఆడపడుచు మీదికి లేచింది.

"అది నా కారు సెట్టింగే! నాకు తెలీకుండా వాడుకుని నన్నే అంతావేటి?" అంది నీలిమ. "నా సేపల పులుసు, నా జడ, ఇప్పుడు నా సెట్టింగు. నీకంటూ ఏటీ లేదా వదినా? ఇంకొక్క రౌండే. కారు మళ్లీ గిర్రున తిరిగిందా, మళ్లీ ఈ కంప్యూటర్ ముట్టుకోకూడదు."

ధనశ్రీకి చెవులు కాలాయి. నీలిమలా పులుసు పెట్టిన రోజు మొగుడు గోపి వేళ్లు నాక్కున్నాడు మరి!

"నీకు గిర్రున తిరగని కారు నాకెందుకు తిరుగుతాది?"

"నాను తిన్నగా ఉన్నప్పుడే బ్రేకు కొట్టి వదిలేత్తాను. నువ్వు సింహాచలం కొండ దిగే బస్సులాగ మలుపంతా నొక్కుతానే ఉంటావ్. ఆ భయానికి నా కారు పనికిరాదు."

అది తిట్టే. కానీ ధనశ్రీ వెంటనే రేసు మొదలుపెట్టలేదు. సెట్టింగుల్లోకి వెళ్లి, మలుపులో బ్రేకు నొక్కినా కారు వెనక భాగం జారకుండా వెనక చక్రాల బ్రేకు తగ్గించి, ముందు చక్రాలకు పెంచింది. వెనక స్ప్రింగులు మెత్తబరిచింది.

"ముసలోల్ల కారు," అంది నీలిమ.

"నా కారు."

మలుపు వచ్చింది. ధనశ్రీ ఎప్పట్లాగే భయపడింది, మలుపంతా బ్రేకు నొక్కింది. కారు బుద్ధిగా ఒంపు తిరిగి, రౌండు పూర్తి చేసి గీత దాటింది.

ఆమె కుర్చీలోనే గంతేసింది. నీలిమ మొహం తిప్పుకుంది.

"రేపు పులుసులో మామిడికాయ ఏత్తాను," అంది ధనశ్రీ. "మా పుట్టింటోరి ఊరు సబ్బవరంలో అలాగే పెడతారు."

"నాను తినను."

"తినకు," అంది ధనశ్రీ నవ్వుతూ. "అది నా నోటి రుచికి పెట్టుకుంటన్నాను."