ఖాళీ పెట్టెల బండి

దేశంలో పట్టాలు వేసేదీ పీకేదీ ఇప్పుడు ఎక్కడో కూర్చుని రైళ్ల ఆట ఆడేవాళ్లే. తెరమీద రద్దీ తగ్గిన ఊరికి తెల్లారేసరికి పట్టాలుండవు. అందుకే గుండ్రాలపల్లి జనమంతా రోజూ ఖాళీ సూట్‌కేసులతో పట్నందాకా పోయి, అదే బండిలో తిరిగొస్తారు. బండి ఆగితే కొమురవ్వ మొగుడు సాయిలుకు డయాలసిస్ ఉండదు, ప్రాణమూ ఉండదు.

ఆవేళ కొమురవ్వ సాయిలును పొదివి పట్టుకుని పట్నంలో దిగుతుంటే, డయాలసిస్ డాక్టరే సూట్‌కేసుతో ఎక్కుతూ ఎదురయ్యాడు.

"సారూ, ఎటు పోతున్నరు? ఈయన కాళ్లు సూడుండ్రి, ఎట్ల ఉబ్బినయో!"

"మా పట్నానికీ రద్దీ తగ్గిందటమ్మా. దవాఖానంతా బండిలనే ఉంది."

వెనకాల నర్సుల చేతుల్లోనూ ఖాళీ పెట్టెలే. అంతలో మైకు మోగింది.

"బండి కిక్కిరిసినందుకు అభినందనలు. రేపటి నుంచి రెండో బండి."

డాక్టరు సాయిలు రెక్క పట్టి పైకి లాగాడు.

"మళ్ల ఎక్కించమ్మా. ఆటకు తలకాయల లెక్కే, ఊపిరున్నదా లేదా అన్నది పట్టదు."