పై మాట, కింద మాట

"అతుకు వేయడం రానివాడికి నోరు మాత్రం బాగానే వచ్చు," అన్నాడు పెద్దవాడు మేడ మీద వరండాలో నిలబడి. అన్నది గాలితోనే. కింద షెడ్డులో ఉన్న తమ్ముడికి వినబడేంత గట్టిగా అన్నాడంతే.

"స్టీరింగు పట్టడం చేతకానివాళ్లు కూడా అతుకులకి వంకలు పెట్టేవాళ్లే," అని కింద నుంచి జవాబొచ్చింది. అదీ గాలికే.

ఎనిమిది నెలలుగా ఆ ఇంట్లో ఇదే వరస. తప్పెవరిదన్న గొడవకైతే పైకప్పు ఎగిరిపోయేలా అరుచుకుంటారు. అసలు విషయం దగ్గరికి వచ్చేసరికి ఇద్దరి నోళ్లకూ తాళాలు పడతాయి. అది తేలాలంటే మధ్యలో ఆమె తిరగాలి. పైవాడికి భార్య, కిందవాడికి వదిన.

అసలు విషయం షెడ్డులో ఉంది. సామాన్లు మోసే పాత ట్రక్కొకటి కొని, అన్నదమ్ములిద్దరూ తొమ్మిదేళ్లు దాని మీద పడి, కొండలెక్కే బండిగా మార్చారు. నడుమెత్తు టైర్లు. లోపల ఇనుప గొట్టాల పంజరం. ప్రతి వెల్డింగు అతుకూ తమ్ముడు వేసిందే. ప్రతి గేరూ అన్న విప్పి బిగించిందే. దానికి ‘దున్న’ అని పేరు కూడా పెట్టుకున్నారు.

మొదటిసారి క్వారీ వాలు ఎక్కించిన రోజున దున్న మూడు పల్టీలు కొట్టింది. అన్నకి భుజం ఎముక విరిగింది. తమ్ముడికి నాలుగు పక్కటెముకలు. ఆమె కింద ఫ్లాస్కు పట్టుకుని నిలబడి మొత్తం చూసింది. తప్పెవరిదో మాత్రం చూడలేదు. ఆస్పత్రిలో పక్కపక్క మంచాల మీద ఉండగానే ఇద్దరూ పంచాయతీ మొదలుపెట్టారు. నర్సు విసుక్కుని మధ్యలో తెర లాగింది. ఆ తెర వాళ్లతోపాటే ఇంటికొచ్చింది.

చివరికి అత్తగారు గడువు పెట్టింది. బాగు చేయించి ఉంచుకుంటారో, ముక్కలుగా కోయించి పాత ఇనుము వాడికి వేస్తారో ఆదివారం లోపు తేల్చాలంది.

"ఒక్కరు కాదన్నా దాని మీద రంపం పడకూడదు. ఇద్దరి చెమటా ఉంది అందులో," అని కూడా అంది.

ఆమె మెట్లు దిగింది. పదకొండు మెట్లు. ఏ మాటను ఏ మెట్టు మీద సర్దుకోవాలో ఈ ఎనిమిది నెలల్లో బాగా అలవాటైపోయింది.

"మీ అన్నయ్య కోయించెయ్యమంటున్నారు," అంది.

మరిది చేతిలో స్పానరు ఆగింది. "ఆ మాటే అన్నాడా వదినా?"

"నా సొంత కబుర్లు చెప్పే తీరిక ఎక్కడిది నాకు?"

అతను బానెట్టు మూసి దాని మీద చెయ్యి వేశాడు. తర్వాత తన మాట చెప్పి పంపాడు. ఆమె పదకొండు మెట్లూ ఎక్కింది.

"మీ తమ్ముడు కోయించమంటున్నాడు. మళ్లీ మీ చేతిలో పెట్టేకంటే తూకానికి వేసేయడం నయమట."

భర్త కప్పు కింద పెట్టాడు. "తూకానికా?" అన్నాడు మెల్లగా. తను చెప్పాల్సింది తనూ చెప్పి, తలుపు ధడాలున వేసుకున్నాడు.

వారమంతా అలాగే గడిచింది. దిగేటప్పుడు కత్తి, ఎక్కేటప్పుడు గొడ్డలి. పూటపూటకీ మాటలు పదునెక్కాయి. గురువారానికి అన్న వరండాలోకి రావడం మానేశాడు. తమ్ముడు భోజనం షెడ్డులోకే తెప్పించుకున్నాడు. గాలితో మాట్లాడటం కూడా ఆగిపోయింది.

శుక్రవారం అత్తగారు కోడలి చెయ్యి పట్టుకుని వంటింటి కిటికీ దగ్గరికి లాక్కెళ్లింది. షెడ్డులో చిన్నవాడు తడిగుడ్డతో బండి తుడుస్తున్నాడు.

"కోయించమన్నవాడు తుడవడం దేనికే?"

"పోయినవాళ్లకీ స్నానం చేయిస్తాం కదా అత్తయ్యా."

అత్తగారు ఆమె చెయ్యి వదిలేసింది. తర్వాత, "మరి నీ మాటేమిటి?" అని అడిగింది.

"నాదేముంది. ఉత్తరాలు పంచేవాడి అభిప్రాయం ఎవరైనా అడుగుతారా?"

శనివారం ఆమె మేడ మీదికి ఆఖరి కబురు మోసింది. భర్త విన్నాడు. "మీ ఇష్టం. ఇంక నన్నేమీ అడక్కు," అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. కిందికి వచ్చి మరిదికీ చెప్పవలసింది చెప్పింది. అతను షెడ్డు తాళంచెవి తెచ్చి కింది మెట్టు మీద పెట్టి వెళ్లిపోయాడు.

ఆదివారం మధ్యాహ్నం నలుగురూ ఒకే బల్ల ముందు కూర్చున్నారు. ఆ చివర అన్న. ఈ చివర తమ్ముడు. ఇద్దరూ కంచాల్లోకి చూస్తున్నారు.

"ఏం తేలింది?" అంది అత్తగారు.

కొడుకులిద్దరూ నోరు విప్పలేదు. కోడలు అందరికీ వడ్డించి, తన కంచం ముందుకు లాక్కుని, గొంతు పెంచకుండా చెప్పింది.

"అన్నదమ్ములిద్దరిదీ మొదట్నుంచీ ఒకటే మాట అత్తయ్యా. రేపు పొద్దున బండి కోయడానికి గ్యాస్ కట్టరతను వస్తున్నాడు."

అన్న తలెత్తలేదు. తమ్ముడూ ఎత్తలేదు. అత్తగారు నిట్టూర్చి అన్నం కలుపుకుంది.

ఆ ఒకటే మాట "ఉంచుదాం" అని ఆ గదిలో తెలిసింది ఆమె ఒక్కదానికే.